అపహరణ కథకు అధికారి ఎవరు? – ‘ది అబ్డక్షన్ ఆఫ్ కారీ స్వెన్సన్’ టెలిఫిల్మ్: ఇతివృత్త పరిశీలన

వ్యాససంగ్రహం:

యథార్థ ఘటనల ఆధారంగా నిర్మించే దృశ్యకథనాల్లో అపహరణం, వేట అనే రెండు అంశాలు తరచుగా జంటగా కనిపిస్తాయి. 1984లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో క్రీడాకారిణి కారీ స్వెన్సన్‌ను కొండల్లో బంధించిన ఘటన, ఆ తరువాత ఐదు నెలలు సాగిన వేట ఆధారంగా 1987లో ఎన్‌బీసీ టెలివిజన్ ఒక టెలిఫిల్మ్‌ను ప్రసారం చేసింది. ధనంజయుని దశరూపకంలోని ‘అధికారి’, ‘ఫలం’, ‘పతాక’, ‘ప్రకరి’ అనే భావనల ఆధారంగా ఈ ఇతివృత్తాన్ని పరిశీలించి, యథార్థ కథనంలో కథ ఎవరిదన్న ప్రశ్న కేవలం శిల్పానికి చెందినది కాదని, అది ఔచిత్యానికి సంబంధించినదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: టెలిఫిల్మ్, యథార్థ కథనం, దశరూపకం, అధికారి, ఫలం, ఔచిత్యం, అపహరణం, సమ్మతి.

1. ఉపోద్ఘాతం:

1980వ దశకంలో అమెరికన్ టెలివిజన్ సంస్థలు యథార్థ ఘటనలను టెలిఫిల్మ్‌లుగా మలచడం విరివిగా సాగింది. అపహరణకు గురై హతుడైన ఒక బాలుని ఉదంతం ఆధారంగా 1983లో వచ్చిన ‘ఆడమ్’, గృహహింసను చిత్రించిన ‘ది బర్నింగ్ బెడ్’ (1984) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. ‘ఆడమ్’ ప్రసారం చివర తప్పిపోయిన పిల్లల ఛాయాచిత్రాలను చూపారు. కథ ముగిసినా ఆ కథలోని సమస్య ముగియలేదని ప్రేక్షకునికి గుర్తుచేసిన ప్రయోగమది.

ఈ వరుసలో 1987 మార్చి 8న ఎన్‌బీసీలో ప్రసారమైనది ‘ది అబ్డక్షన్ ఆఫ్ కారీ స్వెన్సన్’. దర్శకుడు స్టీఫెన్ జిలెన్‌హాల్. కారీ పాత్రను ట్రేసీ పోలన్, అపహర్త డాన్ నికోల్స్ పాత్రను ఎం. ఎమెట్ వాల్ష్, షెరిఫ్ పాత్రను జో డాన్ బేకర్ పోషించారు. ఘటన జరిగి మూడేళ్లు నిండకముందే, బాధితురాలు, నేరస్థులు, మరణించినవారి ఆప్తులు అందరూ జీవించి ఉండగానే ఈ చిత్రం తెరకెక్కింది. ఈ ప్రక్రియలోని చిక్కంతా ఆ సామీప్యంలోనే ఉంది.

2. మూలఘటన:

కారీ స్వెన్సన్ బయాథ్లాన్ క్రీడాకారిణి. మంచుపై స్కీయింగ్, తుపాకీతో గురి చూసి కాల్చడం – ఈ రెండూ కలిసిన క్రీడ బయాథ్లాన్. ఊపిరిని అదుపులో పెట్టుకోవడమే ఇందులో ప్రధానమైన నేర్పు. 1984లో ఫ్రాన్స్‌లోని షమోనీలో మహిళలకు తొలిసారిగా జరిగిన ప్రపంచ పోటీల్లో రిలే విభాగంలో కాంస్యం గెలిచిన అమెరికన్ జట్టులో ఆమె సభ్యురాలు.

అదే ఏడాది జులై 15న, తన 22వ ఏట, మోంటానాలోని బిగ్ స్కై సమీపంలో కొండదారి వెంట సాధన కోసం పరుగెత్తుతున్న ఆమెను డాన్ నికోల్స్, అతని కుమారుడు డ్యాన్ నికోల్స్ పట్టుకున్నారు. తండ్రి వయసు 53, కొడుకు వయసు 19. సమాజానికి దూరంగా కొండల్లో బతకాలని నిశ్చయించుకున్న వీరు, కొడుక్కి ‘వధువు’గా ఆమెను తీసుకుపోయి చెట్టుకు గొలుసుతో కట్టివేశారు. మర్నాటి ఉదయం ఆమెను వెతుకుతూ వచ్చిన ఇద్దరు మిత్రులు ఆ స్థావరాన్ని కనుగొన్నారు. ఆ గందరగోళంలో కొడుకు చేతిలోని తుపాకీ పేలి గుండు కారీ ఊపిరితిత్తిని చీల్చింది. వెతకడానికి వచ్చినవారిలో ఒకడైన అలన్ గోల్డ్‌స్టీన్‌ను తండ్రి కాల్చి చంపాడు. గాయపడిన ఆమెను అక్కడే వదిలి తండ్రీకొడుకులు అడవిలోకి పారిపోయారు. కొన్ని గంటల తరువాత రక్షణ బృందం ఆమెను చేరుకుంది.

అటుపై వేట ఐదు నెలలు సాగింది. డిసెంబరు 13న మంచు కురిసిన కొండల్లో మాడిసన్ కౌంటీ షెరిఫ్ జానీ ఫ్రాన్స్ వారిని పట్టుకున్నాడు. 1985లో జరిగిన విచారణల్లో తండ్రికి హత్య, అపహరణ తదితర నేరాలపై 85 ఏళ్ల శిక్ష పడింది. కొడుకును హత్యాభియోగం నుండి విముక్తుని చేసి, అపహరణ నేరంపై శిక్షించారు. కొడుకు 1991లో, తండ్రి 2017లో పెరోల్‌పై విడుదలయ్యారు.

3. ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రమం:

దశరూపకం ఇతివృత్తాన్ని మూడు విధాలుగా విభజించింది. ఇతిహాసాదుల నుండి గ్రహించినది ప్రఖ్యాతం, కవి కల్పించినది ఉత్పాద్యం, రెండూ కలిసినది మిశ్రమం. యథార్థ ఘటన ఆధారంగా తీసే టెలిఫిల్మ్ స్థూలంగా మూడవ కోవకు చెందుతుంది. తేదీలు, స్థలాలు, తీర్పులు ప్రఖ్యాతాలు. ఏకాంతంలో జరిగిన సంభాషణలు, చూపులు, మౌనాలు చాలావరకు ఉత్పాద్యాలు.

ప్రఖ్యాత వస్తువులో నాయకునికి గాని, రసానికి గాని అనుచితమైనది ఉంటే దానిని విడిచిపెట్టవచ్చు లేదా మరొక విధంగా కల్పించవచ్చునని ధనంజయుడు అనుమతించాడు. భారతంలోని శకుంతలోపాఖ్యానంలో లేని దుర్వాస శాపాన్ని కాళిదాసు కల్పించడం ఇందుకు అలంకారికులు మెచ్చిన ఉదాహరణ. శాపం వల్ల దుష్యంతుని మరపు దోషం కాకుండా పోయింది, రసం నిలిచింది.

అయితే ఈ అనుమతికి ఒక మూలాధారం ఉంది. నాయకుడు ఎవరో ముందే నిర్ణయమై ఉండాలి. మార్పు నాయకుని కోసం జరుగుతుంది గనుక, నాయకుడు మారితే మార్పుల దిశ కూడా మారుతుంది. దుష్యంతుడు కాలగర్భంలో ఉన్నాడు. ఏ కల్పన వల్లనూ అతనికి కొత్తగా హాని జరగదు. మోంటానా ఉదంతంలో తండ్రీకొడుకులను నాయకులుగా భావించి వారి ‘అనుచితాన్ని’ తొలగిస్తే, ఆ తొలగింపు భారం జీవించి ఉన్న ఒక స్త్రీపై పడుతుంది. ప్రాచీన లక్షణగ్రంథం ఇచ్చిన స్వేచ్ఛకు సమకాలీన యథార్థ కథనంలో ఏర్పడే హద్దు ఇది.

4. రెండు ఫలాలు – ఒక అధికారి:

ఫలంపై స్వామ్యం ‘అధికారం’, ఆ ఫలాన్ని పొందేవాడు ‘అధికారి’, అతని కథ ‘ఆధికారికం’. దానికి తోడ్పడే కథ ‘ప్రాసంగికం’. అందులో సుగ్రీవుని వృత్తాంతంలా దూరం సాగేది పతాక, శబరి వృత్తాంతంలా కొద్దిపాటిగా వచ్చిపోయేది ప్రకరి.

సాధారణంగా అపహరణ కథల్లో విముక్తి చివర వస్తుంది. వెతుకులాట, విముక్తి ఒకే ఫలం వైపు నడుస్తాయి. మోంటానా ఘటన ఈ అమరికకు లొంగదు. బాధితురాలు ఒక్క రోజులోనే బయటపడింది. నేరస్థులు దొరకడానికి ఐదు నెలలు పట్టింది. అంటే ఈ ఇతివృత్తంలో రెండు ఫలాలు ఉన్నాయి. మొదటిది ఆమె ప్రాణంతో బయటపడి తిరిగి తన ఊపిరిని, ఆటను, జీవితాన్ని అందుకోవడం. రెండవది నేరస్థులు పట్టుబడటం. మొదటి ఫలానికి అధికారిణి కారీ, రెండవదానికి అధికారి షెరిఫ్. వేటను ఆధికారికం చేస్తే కారీ కథ తొలి అంకంలోనే ముగిసి, ఆమె కేవలం కథకు నిమిత్తమాత్రంగా మిగులుతుంది. కోలుకోవడాన్ని ఆధికారికం చేస్తే వేట పతాకగా తన స్థానంలో ఒదుగుతుంది.

టెలివిజన్ నిర్మాణ పద్ధతి మొదటి మార్గాన్నే ప్రోత్సహిస్తుంది. అమెరికన్ టెలిఫిల్మ్‌ను వాణిజ్య ప్రకటనల విరామాలకు అనువుగా ఏడు అంకాలుగా రాయడం వాడుక. ప్రతి విరామానికి ముందు ప్రేక్షకుడు లేచిపోకుండా ఒక ఉత్కంఠ కావాలి. అడుగుజాడలు, దూరాన పొగ, పొదల్లో కదలిక – వేట అటువంటి క్షణాలను ధారాళంగా ఇస్తుంది. చీలిన ఊపిరితిత్తితో మెట్లెక్కడం నేర్చుకోవడంలో ఉన్న పోరాటాన్ని ఆ కొలతలో ఇమడ్చడం కష్టం. ఊపిరే ప్రాణమైన క్రీడకు చెందిన మనిషికి ఊపిరితిత్తిలో తూటా దిగడంలోని విషాదం పరుగుపందెంలా తెరపై కనిపించేది కాదు. కోలుకున్న తరువాత కారీ మళ్లీ పోటీల్లో పాల్గొన్నదన్న వాస్తవమే ఈ ఇతివృత్తానికి అసలైన ఫలాగమం.

గోల్డ్‌స్టీన్ విషయంలో మరొక సమస్య ఎదురవుతుంది. కథాకాలాన్ని బట్టి చూస్తే అతనిది ప్రకరి. వెతుకుతూ వచ్చాడు, మరణించాడు, కథ ముందుకు సాగింది. రామాయణంలో జటాయువు పాత్ర కూడా నిడివిలో చిన్నదే. అయినా అపహరణను అడ్డుకుంటూ నేలకూలిన ఆ పక్షికి రాముడు స్వయంగా అంత్యసంస్కారాలు చేస్తాడు. సీతాన్వేషణ అంతటి తొందర పనిలోనూ వాల్మీకి కథను ఆపి ఆ మృతికి చోటు కల్పించాడు. ప్రకరి నిడివిలో చిన్నదైనా గౌరవంలో చిన్నది కానక్కరలేదని ఆ సన్నివేశం బోధిస్తుంది. యథార్థ కథనాలను అంచనా వేయడానికి ఇది ఉపయుక్తమైన కొలమానం.

5. మూడు శీర్షికలు – ముగ్గురు అధికారులు:

ఈ ఘటనపై వచ్చిన మూడు రచనల పేర్లను పక్కపక్కన ఉంచితే అధికారి మార్పు స్పష్టమవుతుంది. షెరిఫ్ జానీ ఫ్రాన్స్, మాల్కమ్ మెక్‌కానెల్‌తో కలిసి 1986లో ‘ఇన్సిడెంట్ ఎట్ బిగ్ స్కై’ వెలువరించాడు. షెరిఫ్ జానీ ఫ్రాన్స్ గురించి, ‘మౌంటెన్ మెన్’ పట్టివేత గురించి చెప్పే నిజకథ అని దాని ఉపశీర్షిక ప్రకటిస్తుంది. అందులో బాధితురాలి పేరు లేదు. 1987 నాటి టెలిఫిల్మ్ బాధితురాలి పేరును శీర్షికలోకి తెచ్చింది. కాని ఆ పేరు ‘అపహరణ’ అనే మాటకు అనుబంధంగానే వచ్చింది. 1989లో కారీ తల్లి జానెట్ స్వెన్సన్ రాసిన పుస్తకం పేరు ‘విక్టిమ్స్: ది కారీ స్వెన్సన్ స్టోరీ’. ఇక్కడ ‘బాధితులు’ అన్న బహువచనం గమనార్హం. గాయపడిన ఒక్కరే కాక, మరణించినవాడు, వారి కుటుంబాలు కూడా ఆ మాటలో చేరతాయి. ‘అపహరణం’ స్థానంలో ‘కథ’ అన్న మాట వచ్చింది. ఒక రోజు ఘటన ఒక జీవితంగా విస్తరించింది.

మొదటి శీర్షికలోని ‘మౌంటెన్ మెన్’ అన్న మాటను ప్రత్యేకంగా పరిశీలించాలి. 19వ శతాబ్ది పూర్వార్ధంలో రాకీ పర్వతాల్లో బీవర్ చర్మాల కోసం తిరిగిన జిమ్ బ్రిడ్జర్, జాన్ కోల్టర్ వంటివారికి ఆ పేరు రూఢమైంది. రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ నటించిన ‘జెరెమయా జాన్సన్’ (1972) ఆ మూర్తికి కొత్త మెరుగు పెట్టింది. స్వేచ్ఛ, స్వావలంబన, ప్రకృతి సామీప్యం ఆ మాటతో పాటే వచ్చే ధ్వనులు. పత్రికలు నికోల్స్ తండ్రీకొడుకులను అదే పేరుతో పిలిచినప్పుడు, ఒక అపహరణకు వీరగాథ ఛాయ అబ్బింది. నామకరణమే సగం కథనం అనడానికి ఇది నిదర్శనం.

6. ‘వధువు’ అన్న మాట – సమ్మతి ప్రశ్న:

కొడుకు కోసం ‘వధువు’ అన్న మాట కూడా ఇటువంటిదే. బలాత్కారంగా కన్యను తీసుకుపోవడాన్ని ధర్మశాస్త్రాలు రాక్షస వివాహంగా పేర్కొన్నాయి. రుక్మిణీ కల్యాణం కూడా పైకి హరణంగానే కనిపిస్తుంది. కాని పోతన భాగవతంలో ఆ ఘట్టానికి ప్రాణం రథం కాదు, అగ్నిద్యోతనుని ద్వారా రుక్మిణి పంపిన సందేశం. ఆమె మాట ముందుగా వచ్చింది గనుకనే అది కల్యాణమైంది. తెలుగు వాడుకలో ‘లేచిపోవడం’, ‘ఎత్తుకుపోవడం’ అనే రెండు మాటల మధ్య ఉన్న దూరం కూడా సమ్మతి ఒక్కటే. గొలుసుతో చెట్టుకు కట్టిన స్త్రీని ‘వధువు’ అని నేరస్థులు అనవచ్చు. కథకుడు ఉద్ధరణ చిహ్నాలు లేకుండా ఆ మాటను వాడితే, వారి దృష్టిని తన దృష్టిగా స్వీకరించినట్లే.

7. దక్షిణ భారత సందర్భం:

ఈ ప్రశ్న తెలుగు ప్రేక్షకునికి అపరిచితమైనది కాదు. 1954లో ‘శ్రీ కాళహస్తీశ్వర మహాత్మ్యం’ ద్వారా తెలుగువారికీ చేరువైన కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను 2000 జులై 30న గాజనూరులో వీరప్పన్ అపహరించాడు. 108 రోజుల తరువాత, నవంబరు 15న ఆయన విడుదలయ్యారు. 2004 అక్టోబరు 18న తమిళనాడు ప్రత్యేక దళం చేతిలో వీరప్పన్ మరణించాడు. రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వంలో 2016లో కన్నడంలోను, తెలుగులోను వచ్చిన చిత్రం ‘కిల్లింగ్ వీరప్పన్’. 2023లో వచ్చిన డాక్యుమెంటరీ ధారావాహిక ‘ది హంట్ ఫర్ వీరప్పన్’. రెండు శీర్షికల్లోనూ ఉన్నవి నేరస్థుని పేరు, వేట. వర్మ చిత్రంలో పోలీసు అధికారి పాత్రను ధరించినది రాజ్‌కుమార్ కుమారుడు శివరాజ్‌కుమార్. బందీ కుటుంబం కూడా తెరపైకి వేటగాని పాత్రలోనే రావలసి వచ్చిందన్నది ఆలోచింపజేసే విషయం. అడవిలో గడచిన 108 రోజులు బందీ దృష్టి నుండి ఆధికారిక ఇతివృత్తం కాగలవు. ఈ శీర్షికల్లో వాటికి చోటు లేదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• యథార్థ ఘటన ఆధారంగా వచ్చే దృశ్యకథనం మిశ్రమ ఇతివృత్తం. అందులో కల్పనకు ఉన్న స్వేచ్ఛ, జీవించి ఉన్నవారికి జరిగే హాని వద్ద ఆగాలి.
• కారీ స్వెన్సన్ ఉదంతంలో విముక్తి, పట్టివేత అనే రెండు ఫలాలు వేరువేరుగా ఉన్నాయి. ఏది ఆధికారికమన్న నిర్ణయమే కథ ఎవరిదో తేలుస్తుంది.
• ప్రకటనల విరామాలకు లొంగిన టెలివిజన్ నిర్మాణం సహజంగా వేట వైపు మొగ్గుతుంది. దీనిని గుర్తించకుండా ఆయా చిత్రాలను అంచనా వేయడం అసమగ్రం.
• ‘మౌంటెన్ మెన్’, ‘వధువు’ వంటి మాటలు వర్ణనలుగా కనిపించే తీర్పులు. శీర్షికను, నామకరణాన్ని కథనంలో భాగంగానే పరిశీలించాలి.

ఔచిత్యమే కావ్యానికి స్థిరమైన జీవితమని క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. యథార్థ కథనం విషయంలో ఆ సూత్రం మరింత బరువు సంతరించుకుంటుంది. ఇక్కడ అనౌచిత్యం వల్ల రసంతో పాటు, తెర వెలుపల జీవిస్తున్న మనిషికి తన కథపై గల స్వామ్యం కూడా భంగపడుతుంది. తెలుగులో యథార్థ నేరకథల వెబ్‌సిరీస్‌లు, చలనచిత్రాలు విస్తరిస్తున్న ఈ కాలంలో, వాటిని పరిశోధించేవారు కథనంలోని నిజానిజాలతో పాటు ఫలస్వామ్యాన్ని కూడా పరిశీలించవలసి ఉంది.