గుట్ట అవతలికి మాట అందేనా?

కర్నూలు: 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి వేళ పోలీసులకు, ఫైరింజను వాళ్లకు వైర్‌లెస్ సెట్టే దిక్కు.

పాత సెట్టులో దూరం పెరిగేకొద్దీ గరగర పెరుగుతుంది. అయినా చెవి రిక్కిస్తే నాలుగు మాటలు అందుతాయి. డిజిటల్ సెట్టు అలా కాదు. కడదాకా స్పష్టంగా పలికి, హద్దు దాటగానే ఠక్కున ఆగిపోతుంది. అందులోనూ రకాలున్నాయి. పట్నాలకు నప్పే టెట్రాకు టవర్లు ఎక్కువ కావాలి. డి.ఎం.ఆర్. రకంలో ఒకే చానెల్ మీద రెండు సంభాషణలు నడుస్తాయి.

నల్లమల, లంకమల లోయల్లో ఏది పలుకుతుందో కొనకముందే తిరిగి చూడాలి. కంపెనీ కాగితాల్లో మన గుట్టలుండవు మరి! టవరు కూలితే సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట పోతుందా, పక్క శాఖ సెట్టుతో కలుస్తుందా, వరద రాత్రి తెల్లవార్లూ బ్యాటరీ నిలుస్తుందా అన్నవి ధరకంటే ముందు అడగాలి.