ట్రంకు పెట్టెలోని ఫ్లాపీ

పోయిన ఎండాకాలం మా గల్లీకి భంగార్ బండి వచ్చింది. మా ఇంటామె అటక మీది కంప్యూటర్‌ను చూపించి, "దాన్ని ఇచ్చేయరాదు, ఎలుకలు గూడు పెడుతున్నయి" అన్నది. భంగార్ పిల్లగాడు డబ్బాను అటూ ఇటూ ఊపి చూసి, టీవీ లాంటి దాన్ని కూడా కలిపి రెండు వందలు ఇస్తనన్నడు. 1999లో నేను దానికి పెట్టింది ఏడు వేలు. గిరణి మూతపడ్డంక చేతికొచ్చిన లెక్కలో మిగిలిన ఆఖరి పైసలు అవి. ఒక ఆఫీసువాళ్లు కొత్తవి తెచ్చుకొని పాతవి అమ్ముతుంటే పిల్లగాని చదువుకు పనికొస్తదని కొన్న. బండి అతన్ని ఉత్త చేతులతో పంపించిన. ఇంటామె రెండు రోజులు మాట్లాడలేదు.

నేను దాన్ని అమ్మకపోవడానికి కారణం పైసలు కాదు. నా ట్రంకు పెట్టెలో గిరణి పాసు పుస్తకం కింద ఒక ఫ్లాపీ ఉన్నది. అది మా పెద్దోనిది.

అప్పుడు వాడు పద్నాలుగేండ్ల పిల్లగాడు. నేను చాదర్ల కార్ఖానాలో సాంచల జాబర్‌ను. రెండో పాళీ దిగి రాత్రి పన్నెండు దాటినంక ఇంటికొస్తే, వాళ్లమ్మ ట్యూబులైటు కింద బీడీలు చుడుతున్నది. పొద్దుగాల కార్ఖానాకు లెక్క అప్పజెప్పాలె. ఆకు కత్తిరించి ఇయ్యాల్సిన కొడుకు కంప్యూటర్ ముందు కూసొని ఆట ఆడుతున్నడు. నాకు ఒళ్లు మండింది. రెండు దెబ్బలు వేసిన, ఆ ఫ్లాపీ గుంజుకున్న. మీద వాని చేతి రాతలో ఇంగ్లీషులో "ప్రిన్స్ మెగాహిట్" అని ఉన్నది. ఆ ఏడే మన ప్రిన్స్ మహేశ్ బాబు హీరోగా మొదటి సినిమా "రాజకుమారుడు" వచ్చింది. ఆ హీరో మీద చేసిన ఆటేమో అనుకున్న. "పరీక్షలైనంక ఇస్త" అని పెట్టెలో పెట్టి తాళం వేసిన. పరీక్షలైనయి. నేను ఇయ్యలేదు, వాడు అడగలేదు. అరిచి అడిగి ఉంటే ఇచ్చేటోన్నే. ఇప్పుడు వానికి నలభై ఏండ్లు, పుణెలో కంపెనీలో పని. ఈ 26 ఏండ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అదే నాకు ముల్లు లెక్క గుచ్చుతుంటది.

ఎండాకాలం సెలవులకు మనుమడు వచ్చినప్పుడు అటక మీదికెల్లి డబ్బాను దింపినం. ముందు దాన్ని ఊరిలో ఒక రిపేరు దుకాణానికి ఇచ్చిన. మూడు వందలు అడ్వాన్సు తీసుకొని, పది రోజులు పెట్టుకొని, "ఈ సామాను దొరకదు కాకా" అని వాపసు ఇచ్చిండ్రు. మూతకు ఉన్న మరల్లో రెండు తక్కువ. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. నలభై ఏండ్లు సాంచలు విప్పి బిగించినోన్ని, ఈ డబ్బాకు భయపడుతనా?

మా మేనల్లుడు టీవీలు బాగు చేస్తడు. వాణ్ణి పిలిచిన. మనుమడు ఫోన్లో చదివి చెప్పుడు, వాడు అతుకు పెట్టుడు, నేను విప్పుడు, తుడుసుడు. మీ ఇంట్లో కూడా ఇసొంటి పాత కంప్యూటర్ ఉంటే ఈ సంగతులు పనికొస్తయి, అందుకే వివరంగా రాస్తున్న.

మొదటి మాట: అటక మీద ఏండ్లకేండ్లు ఉన్నదాన్ని దింపంగనే కరెంటుకు తగిలించొద్దు. ముందు మూత తీయాలె. మాదాంట్లో ఇంత మందం దూది నుసి. మా గల్లీలో గాలి సుద్దా సాంచల గాలే గదా! మెత్తని కుంచెతో దులిపినం. లోపల పెద్ద పలక ఉంటది, దాన్ని మదర్‌బోర్డు అంటరు. దాని మూలకు నీలం రంగులో చిన్న పీపా లాంటి బ్యాటరీ. కరెంటు లేనప్పుడు తారీఖు, టైము, లోపల ఏమేం బిగించి ఉన్నయో యాది పెట్టుకునేటందుకు అది. ఏండ్లు గడిస్తే అది కారుతది. కారింది క్షారం, రాగి గీతలను తినేస్తది. మాదాని చుట్టూ పచ్చగా పాచి పట్టినట్టు ఉన్నది. మేనల్లుడు బ్యాటరీ ఊడదీసిండు. దూదికి వెనిగర్ అద్ది పాచి కడిగినం, ఆ తర్వాత స్పిరిటుతో తుడిచి ఒక రోజు ఆరబెట్టినం. ఒక గీత పూర్తిగా తెగిపోయి ఉంటే వెంట్రుకంత తీగతో అతికిండు. అది చూస్తుంటే తెగిన పోగును ముడివేసినట్టే అనిపించింది. బ్యాటరీ బదులు మూడు పెన్సిల్ సెల్లులు డబ్బీలో పెట్టి, బయటి బ్యాటరీకి అని బోర్డు మీద విడిగా ఉన్న నాలుగు ముళ్లకు తగిలించిండు. మళ్లీ కారినా బోర్డు మీద పడదు. అమ్మదలిచినా, దాచిపెట్టదలిచినా, ముందు ఆ పీపాను ఊడదీయించండి.

రెండోది ప్రాణం మీదికి తెచ్చేది. ఆ కాలపు డబ్బాల్లో ముందర ఉన్న స్విచ్చి దాకా 230 వోల్టుల కరెంటు నేరుగా వస్తది. ప్లగ్గు పీకకుండ లోపల చెయ్యి పెట్టొద్దు. టీవీ లాంటి దాని వెనక మూత అయితే మొత్తానికే తీయొద్దు, ప్లగ్గు పీకినంక కూడా దాంట్లో కరెంటు నిలిచి ఉంటది. ఇంకొకటి, బోర్డుకు కరెంటు ఇచ్చే ప్లగ్గులు రెండు పక్కపక్కన ఉంటయి. నల్ల తీగలు రెండింటివీ నడుమ కలువాలె. తారుమారైతే బోర్డు కాలుతది. మనుమడు ఇది చదివి చెప్పకపోతే నేను తారుమారు పెట్టేటోన్నే, దాచుకునుడు ఎందుకు.

స్విచ్చి వేసినం. పంక తిరిగింది. తెర మీద ఏమీ లేదు. మూడుసార్లు బీప్, బీప్, బీప్ అన్నది. మేనల్లుడు తల గోక్కున్నడు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. చప్పుడు చేసే మెషీన్ తన రోగం తనే చెప్తది. గిరణిలో మేము కళ్లతో కంటే చెవులతో ఎక్కువ పని చేసినం. మనుమడు వెతికి చెప్పిండు, మా డబ్బా రకంలో మూడు బీప్‌లంటే మెమరీ పట్టీ సరిగ్గా తగలడం లేదని. పట్టీని తీసి, దాని పళ్లను వాని బడి రబ్బరుతో రుద్ది, తిరిగి పెట్టిన. ఒక్కసారి ఒక్కటే మార్చాలె, మార్చి చూడాలె. నాలుగు ఒక్కసారి మారిస్తే దేనితోని బాగైందో, దేనితోని చెడిందో తెలువదు. కొత్త జాబర్లకు నేను ఎప్పుడూ చెప్పే మాటే.

ఈసారి తెర వెలిగింది. తారీఖు అడిగింది, ఇచ్చినం. హార్డ్ డిస్కు మాత్రం తిరగలేదు, అది పోయింది. అంటే ఇక నమ్మకం అంతా ఫ్లాపీ మీదనే.

ఈ కాలం పిల్లలకు తెలువదు గనుక చెప్తున్న. ఫ్లాపీ అంటే మూడున్నర అంగుళాల ప్లాస్టిక్ బిళ్ల. లోపల క్యాసెట్ టేపు లాంటి అయస్కాంతపు పూత ఉన్న పల్చని పొర గుండ్రంగా తిరుగుతది. దాంట్లో పట్టేది 1.44 ఎంబీ, మీ ఫోన్ ఫోటో ఒక్కటి సుద్దా పట్టదు. తేమకు బూజు పడుతది, అయస్కాంతం తగిలితే తుడిచిపెట్టుకపోతది, ఏమీ కాకున్నా ఏండ్ల మీద దానంతటదే మసకబారుతది. నా పెట్టెలో డాంబర్ గోళీల నడుమ 26 ఏండ్లు ఉన్నది. నేను అచ్చంగా చంపిన్నా, బతికించిన్నా అన్నది ఆ రోజు తేలాలె.

డాస్ ఉన్న ఫ్లాపీ ఒకటి, వాడని ఖాళీ ఫ్లాపీలు కొన్ని మేనల్లుని పాత డబ్బాలో దొరికినయి. డాస్ అంటే విండోస్‌కు ముందు కాలంది, బొమ్మలు ఉండవు, మాట టైపు చేస్తెనే పని చేస్తది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చినయి. వాని ఫ్లాపీ పెట్టిన. నా చెయ్యి వణికిందని మనుమడు తర్వాత వాళ్లమ్మకు చెప్పిండట. ఫైళ్ల పేర్లు వరుసగా వచ్చినయి! ఆట ఆడేముందు నకలు తీయాలన్నడు మనుమడు, మంచి బుద్ధి. ఒక్కటే డ్రైవు ఉన్నది కాబట్టి ఓసారి పాతది, ఓసారి కొత్తది, మార్చి మార్చి పెట్టాలె. అన్నీ పోయినయి, ఒక్క "కిడ్" అన్న ఫైలు కాడ ఆగింది. గరగర చప్పుడు. "అబార్ట్, రిట్రై, ఫెయిల్?" అని అడిగింది. ఆపుమంటవా, మళ్లీ చూడుమంటవా, వదిలేయుమంటవా అని. కిడ్ అంటే పిల్లగాడని, ఆటలో ఉరికే పిల్లగాని బొమ్మలన్నీ ఆ ఫైలులోనే ఉంటయని మనుమడు చెప్పిండు. అది లేకుంటే ఆటే లేదు.

రిట్రై కోసం ఆర్ కొట్టిన. మళ్లీ గరగర. ఎన్నిసార్లు కొట్టిన్నో లెక్క లేదు. ఆ రోజు ఆపి, డ్రైవు విప్పి, చదివే తలను స్పిరిట్ దూదితో మెల్లగా తుడిచి, తెల్లారి మళ్లీ మొదలుపెట్టినం. తొమ్మిదోసారికో పదోసారికో చప్పుడు ఆగింది. ఒక ఫైలు కాపీ అయిందని వచ్చింది. ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

ఆట పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. మహేశ్ బాబుకు దానితోని ఏం సంబంధం లేదు. అమెరికాలో జోర్డన్ మెక్నర్ అనే పిల్లగాడు ఒక్కడే కూసొని ఆపిల్ కంప్యూటర్ కోసం చేసిండు, 1989లో వచ్చింది. మా డబ్బా లాంటి వాటికి 1990లో. రాజు ఊర్లో లేనప్పుడు జాఫర్ అనే మంత్రి రాజు బిడ్డను బంధించి, గంటలో నన్ను పెండ్లి చేసుకో, లేకుంటే సావు అంటడు. గంటంటే నిజం గంటే, అరవై నిమిషాలు. చెరసాలలో ఉన్న పిల్లగాడు పన్నెండు అంతస్తులు దాటి పోవాలె. వాడు ఉరుకుతుంటే, అంచు పట్టుకొని వేలాడుతుంటే, నిజం మనిషి లెక్కనే ఉంటది. ఎందుకంటే మెక్నర్ తన తమ్మునికి తెల్ల బట్టలు తొడిగి, ఉరికించి, దునికించి వీడియో తీసి, దాన్ని చూసి ఒక్కొక్క బొమ్మ గీసిండు. పాట వాళ్ల నాయన కట్టిండు. ఆట రాసిన అసలు ఫ్లాపీలు ఏండ్ల కొద్దీ దొరకలేదట. 2012లో వాళ్ల నాయన ఇంట్లో డబ్బాలో దొరికితే, మేము చేసినట్టే పాత మెషీన్ తెచ్చి దాంట్లోంచి తీసిండ్రు. అది విని నాకు కొంచెం నిమ్మళమైంది. పెట్టెల్లో పెట్టి మరిచిపోయే నాయనలు అమెరికాలో సుద్దా ఉన్నరు.

ఇంకో సంగతి. నడుమ ఒక అద్దం వస్తది. పిల్లగాడు దాంట్లోంచి దునికితే వాని నీడ విడిపోయి ఉరుకుతది. ఆఖరికి ఆ నీడే కత్తి పట్టి ఎదురొస్తది. దాన్ని పొడిస్తే మనకే దెబ్బ తగులుతది. కత్తి ఒరలో పెట్టి ఎదురుగా నడిచిపోతే ఇద్దరూ ఒకటైతరు. ఇదంత మనుమడు చెప్తే తెలిసింది. ఆ పొద్దు నేను మొదటి అంతస్తే దాటలేదు.

దీపావళికి పెద్దోడు వచ్చిండు. మేము ఏమీ చెప్పలేదు. ముందరి గదిలో స్విచ్చి వేసి ఉంచినం. వాడు సంచి దించి, డబ్బాను చూసి, దాని మీద పెట్టిన ఫ్లాపీని చూసి ఆగిపోయిండు. చేతిలోకి తీసుకొని తన రాతనే చానాసేపు చూసుకున్నడు.

"పరీక్షలైనంక ఇస్తనన్న గదా" అన్న నేను. ఇంకేం మాట రాలేదు.

"ఏ పరీక్షలు నాయనా, నా కొడుకువా?" అని నవ్విండు. కండ్లు మాత్రం తుడుచుకున్నడు.

కూసొని టైపు చేసిండు: ప్రిన్స్, ఖాళీ, మెగాహిట్. ఆటలో అంతస్తులు దాటించే దొంగ మాట అదట, అందుకే పేరు మీద రాసుకున్నడు. అది మాకు ముగ్గురికీ తెలువదు. కానీ దొంగ మాటను వాడుకోలేదు. మొదటి నుంచి ఆడిండు. వేళ్లకు అన్నీ యాది ఉన్నయి. మాదాంట్లో సౌండు కార్డు లేదు, డబ్బా లోపలి స్పీకరే కీచుమంటుంటే వాళ్లమ్మ వంటింట్లోంచి "ఇగ మొదలైంది" అన్నది.

నాకు ఇచ్చిండు. నేను ఉరికించంగనే పిల్లగాడు ముళ్ల మీద పడ్డడు. మళ్లీ పడ్డడు.

"నాయనా, షిఫ్టు పట్టుకో. అప్పుడు మెల్లగ ఒక్కొక్క అడుగు వేస్తడు, అంచు కాడికి పోయి ఆగుతడు."

నాకు తెలిసిన షిఫ్టులు మూడే, ఇది నాలుగోది. వేలు దాని మీద పెట్టించి, నా చెయ్యి మీద వాని చెయ్యి పెట్టిండు. అంచు దాకా పోయినం. కింద ముళ్లు. యాభై మూడు నిమిషాలు మిగిలి ఉన్నయి.