చక్కెర పేరు - చాక్లెట్ శిల్పం

ఫాల్గుణ పూర్ణిమ దగ్గర పడగానే తెలంగాణ అంగళ్లలో చక్కెర పేర్లు వేలాడుతాయి. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద ఉన్న చౌటుప్పల్ వంటి ఊళ్లలో హోలీ నాడు పిల్లల మెడలో కుడుకల పేరుతో పాటు చక్కెర పేరు కూడా వేస్తారు. ‘పేరు’ అంటే ఇక్కడ నామం కాదు, దండ. హారమనే అర్థంలో కావ్యభాష ఎరిగిన ఈ మాట నేటికీ సంతలో వినిపించడం ముచ్చటైన విషయం. రాతితో, లోహంతో చేసినదే శిల్పమనుకునేవారికి ఈ తెల్లని బిళ్లలు శిల్పాలుగా తోచవు. కాని పెద్ద హోటళ్లలో అద్దాల వెనుక నిలిపే చాక్లెట్ శిల్పాలకూ వీటికీ దగ్గరి బంధుత్వం ఉంది. కరిగిన పదార్థాన్ని కోరిన రూపంలో గడ్డకట్టించడమే రెండింటిలోని విద్య.

చక్కెర పేరుకు కావలసినవి చక్కెర, నీరు, దారం, కొయ్య అచ్చులు. పాకం కాగుతుండగా కొద్దిగా పాలు పోస్తే మలినం తెట్టుగా పైకి తేలుతుంది. దానిని తీసివేసి, పాకం చిక్కబడ్డాక గరిటెతో గిన్నె అంచుకు రుద్దుతారు. ఆ రాపిడికి సన్నని స్ఫటికాలు ఏర్పడి పాకం తెల్లబడుతుంది. వెంటనే, దారం పరచిన అచ్చులో పోయాలి. ఆలస్యమైతే గిన్నెలోనే గట్టిపడుతుంది. పాకం అంటుకోకుండా అచ్చులను ముందుగా నీటిలో నానబెడతారు.

చాక్లెట్‌కు మాత్రం నీరే శత్రువు. కరిగిన చాక్లెట్‌లో నాలుగు చుక్కలు పడినా అది ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. కాబట్టి అచ్చును పొడిగా తుడిచి, దూదితో మెరుగుపెడతారు. అచ్చు ఎంత నునుపుగా ఉంటే బొమ్మ అంత మెరుస్తుంది.

అసలు కష్టం వేడి దగ్గర ఉంది. చాక్లెట్‌లోని కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. వాటిలో ఐదవ రకమే శిల్పికి కావాలి. అది ఏర్పడితే చాక్లెట్ నిగనిగలాడుతుంది, విరిస్తే టక్కుమంటుంది, అచ్చు నుండి తేలికగా ఊడివస్తుంది. ఇందుకోసం నల్ల చాక్లెట్‌ను 45 నుండి 50 డిగ్రీల సెల్సియస్ వరకు కరిగించి, కలుపుతూ 27, 28 డిగ్రీలకు చల్లార్చి, మళ్లీ 31, 32 డిగ్రీలకు వేడిచేస్తారు. మధ్యలో చల్లార్చడం వృథా శ్రమ అనిపించవచ్చు. కాని అప్పుడు కోరని స్ఫటికాలు కూడా పుడతాయి. రెండవసారి వేడిచేసినప్పుడు అవి కరిగిపోయి, ఐదవ రకం మిగులుతుంది. ఈ క్రమం తప్పితే బొమ్మ మీద బూడిదరంగు చారలు తేలుతాయి. తినడానికి హాని లేదు గాని, కొన్ని గంటల పని చూపుకు చెడిపోతుంది.

పెద్ద శిల్పాన్ని ఒకే అచ్చులో పోయరు. పీఠం, కాండం, రెక్కలు విడివిడిగా చేసి, కరిగిన చాక్లెట్‌నే జిగురుగా వాడి అతుకుతారు. పూరేకులు, ఈకలు వంటి సున్నితమైన భాగాలకు చాక్లెట్‌లో గ్లూకోజు పాకం కలుపుతారు. అప్పుడది పిండిముద్దలా చేతికి లొంగుతుంది. అయితే బరువు మోయడానికి ఆ ముద్ద పనికిరాదు. పీఠం గట్టి చాక్లెట్‌తోనే ఉండాలి.

ఈ పనికి ముడిసరుకు మనకు దూరమైనది కాదు. పశ్చిమ గోదావరి ప్రాంతంలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో పండుతుంది. ఆ గింజలతో చాక్లెట్ తయారుచేసే ‘మనం’ సంస్థ 2023లో హైదరాబాదులో తన కార్ఖానాను తెరిచింది.

ఫ్రాన్సు దేశపు పాకశిల్పి కరేమ్ (1784-1833) వాస్తుచిత్రాలను చూసి, చక్కెరతోను పిండితోను మందిరాల నమూనాలు కట్టి ప్రభువుల విందుబల్లల మీద నిలిపాడు. ఆయన పేరు చరిత్రకెక్కింది. మన చక్కెర పేరు తూకానికి అమ్ముడుపోతుంది, దానిని పోసిన చేయి ఎవరిదో కొన్నవారు అడగరు. మరుగుతున్న పాకంతో ఒడుపుగా పనిచేసే ఆ చేతికి కూడా నైపుణ్యం తక్కువ కాదు.

మన్నికలో చక్కెర పేరుదే పైచేయి. చాక్లెట్ సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే చౌటుప్పల్ ఎండలో ఆ శిల్పం నిలవదు, దానికి చల్లని గది కావాలి. చక్కెర పేరు ఆ ఎండలోనే పిల్లవాడి మెడలో చెక్కుచెదరకుండా ఊగుతుంది. దాని భయం రంగునీళ్లతోనే. అవి మీద పడేలోగా సగం బిళ్లలు ఎలాగూ నోట్లోకి పోతాయి.