వార్తల్లో పదం: వరద ముప్పు అంచనా

ఫ్యాక్టరీ కట్టబోయే స్థలంలోకి నీరు ఎటు నుంచి, ఎంత లోతున రావచ్చో ముందే లెక్కగట్టడం వరద ముప్పు అంచనా. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం ఉన్న వరదను ‘వందేళ్ల వరద’ అంటారు. 30 ఏళ్లు నిలిచే షెడ్డు ఒక్కసారైనా దాని బారిన పడే అవకాశం దాదాపు 26 శాతం. 2011లో థాయ్‌లాండ్‌లో ఏడు పారిశ్రామికవాడలు మునిగితే ప్రపంచమంతటా హార్డ్‌డిస్కులకు కొరత ఏర్పడింది.

స్థలాన్ని మెరక చేస్తే చాలదా అంటారు. అయితే మట్టి నింపిన పల్లంలో నిలవాల్సిన నీరు పక్క ఊరి మీద పడుతుంది. అంచనాకయ్యే ఖర్చు, జాప్యం మరో అభ్యంతరం. నిజమే, కానీ మోటార్లు, ప్యానెల్ బోర్డులు మునిగి ఉత్పత్తి ఆగితే కలిగే నష్టం ముందు అవి స్వల్పం. ఈ ముప్పు మనకూ దూరం కాదు: 2024లో బుడమేరు వాగు విజయవాడ కాలనీలను ముంచెత్తింది. అంచనా నివేదికను ప్రజల ముందు పెట్టాకే నిర్మాణానికి అనుమతి ఇవ్వాలి.