మూసేసిన ముంగిలి

ఇల్లు కట్టడం పూర్తయ్యాక మేస్త్రీకి మిగిలే చివరి పని ఇంటి ముందుది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడుతుంటుంది. వాడగా మిగిలిన కంకర, ఇసుక ఒక మూల కుప్పగా ఉంటాయి. గేటుకీ మెట్లకీ మధ్య నేల ఏడాదిపాటు తొక్కుళ్లు పడి గట్టిపడి ఉంటుంది. ‘ఇది కూడా వేయించేస్తే ఓ పనైపోతుంది’ అని ఎవరో ఒకరు అంటారు. మర్నాటికి సిమెంటు పడుతుంది, ఆ వారంలోనే దాని మీద పార్కింగ్ టైల్స్ వచ్చేస్తాయి. వంటగది ఏ మూలన ఉండాలన్న దాని మీద నెలల తరబడి తర్జనభర్జన పడ్డ కుటుంబం ఈ నిర్ణయాన్ని అరగంటలో తీసుకుంటుంది, ఆ తర్వాత పాతికేళ్లు దాని గురించి మళ్లీ ఆలోచించదు. హైదరాబాద్, విజయవాడ, వరంగల్, విశాఖ, ఏ ఊళ్లోనైనా గత ఇరవై ఏళ్లలో లేచిన కాలనీలో ఒక వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే, పాదం మోపడానికి మట్టి దొరకడం కష్టం. ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా టైల్స్, ప్రహరీ దాటగానే ర్యాంపు, ర్యాంపు దిగగానే సీసీ రోడ్డు. ఆ ఇంటి ముందు జాగా ఇంటివాళ్ల సొంతమే, సందేహం లేదు. అయితే అక్కడి మట్టి చేసే పని గేటు దగ్గర ఆగదు. దాన్ని మూసేసినప్పుడు పడే ఖర్చు కూడా గేటు లోపల ఆగదు.

అసలు ఆ జాగా ఎందుకు మిగిలిందో ముందు గుర్తు చేసుకోవాలి. ఎవరూ ఉదారంగా వదలలేదు, చట్టం వదిలించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో జీవో 168తో వచ్చిన భవన నిర్మాణ నియమాలు ప్లాటు విస్తీర్ణాన్ని, భవనం ఎత్తును, రోడ్డు వెడల్పును బట్టి ఇంటి ముందూ చుట్టూ ఇంత వదలాలని చెప్పాయి. గాలి, వెలుతురు, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం, ఇవి దాని ఉద్దేశాలు. అంతకు పదేళ్ల ముందే, 2002లో, వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్టు మూడింటినీ ఒకే చట్టం కిందికి తెచ్చి, వాన నీటిని ఇంకించే ఏర్పాట్లను ఇళ్లకు బాధ్యతగా మార్చింది. ఈ రెండింటినీ కలిపి చదివితే, గోడలు లేవని చోట నేల నేలగానే ఉంటుందన్న నమ్మకం వాటి వెనుక కనిపిస్తుంది. ఖాళీగా వదలమని అంత గట్టిగా చెప్పిన నియమాలు, చిన్న ప్లాట్లలో ఆ ఖాళీని దేనితో కప్పకూడదో మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. ఆ సందులోంచే సిమెంటు వచ్చింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. రెండువందల గజాల ప్లాటులో ఇంటి ముందు ఇరవై అయిదు చదరపు మీటర్లు ఉందనుకుందాం. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు కురిసింది. ఆ ఒక్క ముంగిట్లోనే పడింది 4,750 లీటర్లు, అంటే దాదాపు ఒక ట్యాంకరు. నూరు ఇళ్ల కాలనీకి లెక్కేస్తే, మేడల మీద పడింది వదిలేసినా, ఇంటి ముందు జాగాల నుంచే 4,75,000 లీటర్లు. అంత వానను మట్టి మొత్తం తాగేస్తుందని చెప్పడం అబద్ధమే అవుతుంది. తెలంగాణ చలక నేలల్లాంటి ఇసుక పాలున్న ఎర్రమట్టి గంటకు రెండు మూడు సెంటీమీటర్ల నీటిని లోపలికి తీసుకోగలదు. నల్లరేగడి తడిసి బిగుసుకున్నాక గంటకు అర సెంటీమీటరు కూడా తీసుకోదు. కానీ ఏడాదిలో పడే వానల్లో అక్టోబరు 2020 లాంటిది ఒక్కటీ ఉండని ఏళ్లే ఎక్కువ. సాయంత్రం ఉరుముతూ వచ్చి గంటసేపు రెండు మూడు సెంటీమీటర్లు కురిసి వెళ్లిపోయేవే మన వానలు. ఆ వానలకే కూడళ్లు మునుగుతున్నాయి, ఆ వానలకే ద్విచక్ర వాహనాలు ఆగిపోతున్నాయి. సరిగ్గా ఆ వానల్నే వదులుగా ఉన్న ఎర్రమట్టి ముంగిలి తనలో దాచుకోగలిగేది. పెద్ద వానలో కూడా మొదటి గంట నీటిని అది పట్టి ఉంచితే, నాలాలోకి నీరంతా ఒక్కసారిగా చేరడం తప్పుతుంది. మునక ఎంత లోతన్నది నీళ్లు ఎన్ని వచ్చాయన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, ఎంత తొందరగా వచ్చాయన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది.

దీనికి తోడు మన వీధుల్లో మరో పోటీ నడుస్తోంది. పాత రోడ్డును తవ్వకుండానే దాని మీద కొత్త పొర వేస్తారు, రోడ్డు అరడుగు లేస్తుంది. వాన వస్తే నీళ్లు గేటు కింద నుంచి లోపలికి వస్తాయి. దాంతో ఇంటాయన మట్టి పోయించి, ముందు జాగాను అడుగెత్తు లేపి, టైల్స్ వేయించి, వాలు రోడ్డు వైపు పెట్టిస్తాడు. ఆయన నీళ్లు ఇప్పుడు ఎదురింటివి. ఎదురింటివాళ్లూ అదే చేస్తారు. కొన్నేళ్లకు ఆ వీధిలో ఎత్తు లేపుకోలేని పాత ఇల్లు ఒకటి మిగులుతుంది, అద్దెకుండే కుటుంబమో పింఛను మీద బతికే పెద్దవాళ్లో అందులో ఉంటారు. వీధి నీళ్లన్నీ ఆ ఇంట్లోకి చేరతాయి. వరదను ప్రకృతి వైపరీత్యం అంటాం. ఆ ఇంట్లోకి వచ్చింది మాత్రం నలభై ఇళ్లు కలిసి పంపిన నీరు. ఎవరూ చెడు తలపుతో చేసింది కాదు, అయినా జరిగిన అన్యాయం అన్యాయమే.

హైదరాబాద్‌కు ఈ పాఠం కొత్తదేం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకున్న తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువనే నీటిని ఆపాలని ఆయన సూచించాడు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వాటి వల్ల నగరానికి వరద తాకిడి తగ్గింది, పైగా తాగునీరూ దొరికింది. ఒకే కట్టడం రెండు కష్టాలు తీర్చింది, ఎందుకంటే ఆ రెండు కష్టాల మూలం ఒక్కటే: నీరు నిలవకుండా పారిపోవడం. ఆ సూత్రం జలాశయానికి ఎంత నిజమో, పాతిక చదరపు మీటర్ల మట్టికీ అంతే నిజం. నగరం ఆ చెరువుల నుంచి ఎంతో అవతలికి పెరిగిపోయాక, ఎగువ అంటే ఇప్పుడు ప్రతి ఇంటి ముంగిలీ.

దాహం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నేరుగా ఇంటివాళ్ల జేబుకు తగిలేది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. అందులో నీళ్లు నిలిచేది పై భాగంలో శిథిలమైన రాతిపొరలో, మనం మొరం అనేదానిలో, ఆ కింద రాయిలో ఉన్న పగుళ్లలో. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మందపాటి ఇసుక పొరలు దాచుకున్నట్టు ఈ రాయి దాచుకోలేదు. కాబట్టి ఏ ఏటికి ఆ ఏడు పైనుంచి దిగిందే దానికి ఆధారం. దిగే దారి మూసేసి, వెయ్యి అడుగుల దాకా బోరు దించి, అదీ ఎండిపోయాక ట్యాంకరు కోసం వరస కట్టడం ఇవాళ చాలా కాలనీల వేసవి. నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ముందు చెప్పుకున్న ఇరవై అయిదు చదరపు మీటర్ల మీద అది 20,000 లీటర్లు, అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. అందులో చాలాభాగం మొక్కలు తాగుతాయి, కొంత ఆవిరవుతుంది, కొంతే బోరు దాకా దిగుతుంది. ఆ కొంతకు తోడు మేడ మీద నీటిని గొట్టంతో అదే మట్టి వైపు తిప్పి ఇంకుడు గుంత తవ్వితే లెక్క మారిపోతుంది. నూరు చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి పడేది 80,000 లీటర్లు. ఇంకుడు గుంత ఉంటే చాలదా, చుట్టూ టైల్స్ ఎందుకు తియ్యాలి అంటారేమో. గుంతలో పోగయ్యే ఒండ్రును ఏటా తీసి, గులకరాళ్లు కడగకపోతే అది మూడో ఏటికి పూడుకుపోతుంది. వేళ్లున్న మట్టిని మాత్రం వానపాములు, వేళ్లే గుల్ల చేస్తుంటాయి. గుంత, మట్టి రెండూ ఉండాలి.

ఎండ గురించి చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, మే నెలలో రాత్రి పదింటికి టైల్స్ మీద అరిచేయి ఆనిస్తే చాలు. పగలంతా ఎండ తాగిన సిమెంటు ఉపరితలం యాభై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిని రాత్రంతా గోడలకీ కిటికీలకీ తిరిగి పంచుతుంది. తడి మట్టి, ఆకు చేసే పని వేరు. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాగేసుకుంటుంది. ఇంటి ముందు ఓ వేప కొమ్మ, మందారాలు, కరివేపాకు చెట్టు కలిసి రోజుకు ఇరవై లీటర్లు ఆకుల గుండా వదిలాయంటే, పదమూడు యూనిట్ల వేడిని ఎవరికీ బిల్లు వేయకుండా తీసేశాయన్న మాట. ఏసీ కూడా వేడిని తీస్తుంది, కాకపోతే తీసినదాన్ని పక్కింటి కిటికీ వైపు ఊదుతుంది.

ఇక అభ్యంతరాలు. వీటిని తేలిగ్గా కొట్టిపారేస్తే వాదన నిలవదు. మొదటిది కారు. వీధిలో పెడితే గీతలు పడతాయి, గొడవలొస్తాయి, కాబట్టి లోపలే పెట్టాలి. నిజమే. అయితే కారు నేల మీద ఆనేది నాలుగు చక్రాలతోనే. అడుగున్నర వెడల్పున, పదిహేను అడుగుల పొడవున రెండు పట్టీలు చాలు. అంటే నాలుగు చదరపు మీటర్ల పైచిలుకు. మిగతా ఇరవై మట్టిగానే ఉండొచ్చు, రెండు పట్టీల మధ్య గడ్డి కూడా ఉండొచ్చు. ఇందుకు విదేశీ సామాను వెతకనక్కర్లేదు. షాబాదు బండలు, తాండూరు నాపరాళ్లు, బేతంచెర్ల బండలు ఇసుక మీద పరిచి మధ్యలో వేలెడు సందు వదలడం మన మేస్త్రీలకు తెలిసిన పనే. ఆ సందుల్ని సిమెంటుతో పూడ్చడం మొదలుపెట్టాకే బండలు కూడా టైల్స్‌లా నీళ్లను గెంటేయడం నేర్చాయి. ఇంటర్‌లాకింగ్ ఇటుకలు వేయించేవారు కూడా అడుగున కాంక్రీటు బెడ్డు వద్దని, ఇసుక, కంకర చాలని ముందే చెప్పాలి. పైన ఎన్ని సందులున్నా కింద కాంక్రీటుంటే ఫలితం సున్నా.

రెండో అభ్యంతరం శుభ్రత. నేను అన్నిటికంటే గౌరవించేది దీన్నే. మట్టి వాకిలి అందంగా ఉండడం వెనుక తెల్లవారుజామునే లేచి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టిన ఆడవాళ్ల నడుములున్నాయి. సిమెంటు వచ్చాక ఆ చాకిరీ తగ్గిందని ఒక ఇల్లాలు చెబితే, పాత రోజుల మీద మోజుతో ఆమెకు జవాబు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి అడుగుతున్నది పాత మట్టి వాకిలిని కాదు. ఒట్టి మట్టే బురదయ్యేది, దుమ్ము లేచేది. మొక్కలతో, గడ్డితో, ఎండుటాకుల పరుపుతో కప్పిన మట్టి అవేవీ చేయదు. గేటు నుంచి గుమ్మం దాకా నడవడానికి బండల బాట, గుమ్మం ముందు ముగ్గుకో పెద్ద బండ, మిగతాది మొక్కలు. రోజూ ఊడ్చాల్సింది ఆ బాట మాత్రమే. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టుకోవడానికి కూడా ఆ కాస్త చోటు చాలు.

మూడో అభ్యంతరం దోమలు. ఆ భయం అసలు తప్పు దిక్కు చూపిస్తోంది. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది మట్టిలో కాదు. కూలర్ అడుగున, మూత లేని ట్యాంకులో, కుండీ కింద పళ్లెంలో, పారేసిన టైరులో నిలిచిన నీటిలో పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి, శుక్రవారం, డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది. ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోయే మట్టిలో దోమకు ఆ వ్యవధి దొరకదు. టైల్స్ వేసి మట్టి కావాలని నలభై కుండీలు, నలభై పళ్లేలు పెట్టుకున్న ఇంట్లోనే దొరుకుతుంది. పాముల భయమూ ఉంటుంది. అవి వచ్చేది ఎలుకల కోసం, దాక్కునేది కట్టెల మోపుల్లో, రాళ్ల గుట్టల్లో. గోడవారగా సామాను పోగేయకుండా, మొక్కల మొదళ్లు కనిపించేలా ఉంచితే చాలు.

‘నా ఒక్కడి పాతిక చదరపు మీటర్లతో ఊరు మారుతుందా’ అన్నదే చివరకు మిగిలే ప్రశ్న. మూసేసినప్పుడూ ఒక్కొక్కరూ పాతిక చదరపు మీటర్లే మూశారు, ఊరు మారింది కదా. ఇంగ్లండులో ఇదే జరిగింది. కార్ల కోసం ముందుతోటల్ని రాళ్లతో కప్పేస్తూ పోయారు. 2007 వేసవి వరదల తర్వాత, 2008 అక్టోబరు నుంచి, అయిదు చదరపు మీటర్లు మించి నీరింకని రాళ్లు పరవాలంటే ప్లానింగ్ అనుమతి తీసుకోవాలని, నీరింకే పద్ధతిలో పరిస్తే అక్కర్లేదని నియమం తెచ్చారు. ఆలస్యమైంది. 2015లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ లెక్క ప్రకారం బ్రిటన్‌లో ప్రతి నాలుగు ముందుతోటల్లో ఒకటి పూర్తిగా కప్పేసి ఉంది. నెదర్లాండ్స్‌లో ఊళ్లు పోటీలు పడి ఇళ్ల ముందు పలకలు పీకేసి మొక్కలు నాటుతున్నాయి. మన దగ్గర కూడా 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించమని ఆదేశించింది. ఇంగ్లండు నియమం లాంటిది మన మున్సిపాలిటీలకు అసాధ్యమేమీ కాదు. ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో (సెట్‌బ్యాక్‌లో) సగం నీరింకే నేలగా చూపించమని అడిగితే చాలు. తనిఖీ కూడా తేలికే, ఆ జాగా గేటు బయట నుంచే కనిపిస్తుంది. అంతకంటే ముందు అపార్ట్‌మెంట్ సంఘాలతో మొదలుపెట్టవచ్చు. ప్రహరీ చుట్టూ ఉన్న ఖాళీ మీద నిర్ణయం అక్కడ ఒక్క సమావేశంలో జరుగుతుంది, దాని ఫలం యాభై కుటుంబాలకు అందుతుంది.

ఇప్పటికే టైల్స్ వేసుకున్నవారు మొత్తం పగలగొట్టనక్కర్లేదు. ప్రహరీ వెంట రెండడుగుల పట్టీ మృగశిర కార్తెకు ముందే తీయించాలి. కింద బిగుసుకుపోయిన నేలను అడుగున్నర లోతు తవ్వి, రాళ్లూ సిమెంటు పెళ్లలూ ఏరేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాలి. పునాది పక్కన మర్రి, రావి వద్దు. నందివర్ధనం, పారిజాతం, మందారం, కరివేపాకు, నిమ్మ గోడకు హాని చేయవు. నల్లరేగడి ఉన్న కృష్ణా, గుంటూరు ఊళ్లలో ఆ పట్టీ అడుగున ఇసుక, కంకర పొర వేస్తేగాని నీరు దిగదు. కొత్త పట్టీ మట్టం టైల్స్ కంటే రెండంగుళాలు కిందికి ఉండాలి, లేకపోతే ఎంత మంచి మట్టి పోసినా నీరు దాని పక్క నుంచి జారి గేటు వైపే పోతుంది. తొలకరి పడిన రోజు గుమ్మంలో నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూసుకుంటే, తర్వాత తీయాల్సిన టైలు ఏదో తెలుస్తుంది.