కంఠం ఒకరిది, రూపం ఒకరిది

రేడియో నాటకాలు శ్రద్ధగా వినేవారు ఎప్పుడైనా స్టూడియో చూడవచ్చి, తాము విన్న నాయకపాత్రధారిని కళ్ళారా చూచినప్పుడు వారి ముఖంలో కలిగే మార్పును నేను చాలాసార్లు గమనించినాను. మర్యాద కొద్దీ పైకి ఏమీ అనరు. కాని “మీరేనా అండీ!” అన్న ఆ ఒక్క మాటలోనే ఆశాభంగమంతా ఇమిడి ఉంటుంది. వినేటప్పుడు వారు మనసులో గీసుకొన్నది ఆజానుబాహువు బొమ్మ. ఎదుట నిలిచినది బట్టతలతో, కొంచెం బొజ్జతో, కళ్ళజోడు తుడుచుకొంటున్న ఒక సామాన్య గృహస్థు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. అయినా ఆ నటుడు ఆ పూట కొంచెం చిన్నబుచ్చుకొని ఇంటికి పోతాడు.

మాకు ఇది నవ్వుకొని మరచిపోయే సంగతి. అమెరికాలో ఒక నటుని విషయంలో మాత్రం ఇదే పెద్ద సమస్య అయినది. అతని జీవితాన్నే మలుపు తిప్పినది. అతని పేరు విలియం కాన్రాడ్.

కాన్రాడ్ 1920 వ సంవత్సరం సెప్టెంబరు 27 వ తేదీన కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలో జన్మించినాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జాన్ విలియం కాన్. వారికి ఒక సినిమా హాలు ఉండేది గనుక తెరమీది బొమ్మలు అతనికి పసితనం నుంచీ పరిచయమే. తరువాత కుటుంబం కాలిఫోర్నియాకు తరలిపోయినది. ఫుల్లర్టన్ కళాశాలలో చదువుతూనే రంగస్థలం మీద మోజు పెంచుకొన్నాడు. లాస్ ఏంజెలెస్‌లోని కె.ఎం.పి.సి. అనే రేడియో కేంద్రంలో పనికి కుదిరి ప్రకటనలు చదివినాడు, స్క్రిప్టులు వ్రాసినాడు, కార్యక్రమాలు నడిపినాడు. రెండవ ప్రపంచయుద్ధంలో వైమానికుడుగా శిక్షణ పొంది 1943 లో అధికారి అయినాడు. యుద్ధకాలంలోనే సైనికుల కోసం నడిచే రేడియో సర్వీసులో కూడా పనిచేసినాడు.

యుద్ధం ముగిసినాక సినిమాలో అతనికి తొలిసారి పేరు తెచ్చిన వేషం 1946 లో వచ్చిన ‘ది కిల్లర్స్’ చిత్రంలోనిది. హెమింగ్వే వ్రాసిన ఒక చిన్న కథ దానికి ఆధారం. చిన్న ఊరిలో ఒక ఫలహారశాల. సాయంకాలం ఇద్దరు అపరిచితులు వచ్చి కూర్చుంటారు. తినడానికి ఏమున్నదని అడుగుతారు. వారు ఒక మనిషిని చంపడానికి వచ్చినారని మనకు మెల్లమెల్లగా తెలుస్తుంది. ఆ ఇద్దరిలో ఒకడు కాన్రాడ్, రెండవవాడు చార్ల్స్ మెక్‌గ్రా. చిత్రంలో వారు కనిపించేది కొద్దిసేపే. బర్ట్ లాంకాస్టర్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన చిత్రంగా దానిని చెప్పుకొంటారు. కాని చూచినవారికి ముందుగా గుర్తుండేది ఆ ఫలహారశాల దృశ్యమే. కాన్రాడ్ అందులో గొంతు పెంచడు. వంటవానిని, నౌకరును, బల్లమీది భోజనాన్ని వరుసగా ఎగతాళి చేస్తూ, ఎంత నెమ్మదిగా మాట్లాడితే అంత భయం పుట్టిస్తాడు. రేడియోలో పనిచేసినవాడికే అది చేతనవుతుందని నా అభిప్రాయం. మైకు ముందు కేకలు వేసేవాడు ఎక్కువకాలం నిలువడు.

అయితే సినిమావారు అతనిలో చూచినది దుండగుని మాత్రమే. మనిషి అంత పొడగరి కాదు; స్థూలకాయుడు; అప్పటికే మీసంతో, బరువైన కనురెప్పలతో ఉన్న ముఖం. ఇట్టి ముఖానికి హాలీవుడ్‌లో హంతకుడు, మోసగాడు, కఠినుడైన పోలీసు అధికారి, ఈ మూడు వేషాలే సిద్ధంగా ఉండేవి.

రేడియోలో సంగతి వేరు. అక్కడ ముఖం అక్కరలేదు. వారంలో ఒకనాడు నౌకాధిపతి, మరునాడు న్యాయమూర్తి, ఆ మరునాడు ముసలి రైతు. తాను రేడియోలో మొత్తం 7,500 కు పైగా పాత్రలు ధరించినానని అతడే లెక్క చెప్పుకొనేవాడు. కొంచెం ఎక్కువచేసి చెప్పినాడని తీసివేసినా, మిగిలేది తక్కువేమీ కాదు. ఒక చేత స్క్రిప్టు కాగితాలు పట్టుకొని, అవి చప్పుడు కాకుండా ఒక్కొక్కటిగా జారవిడుస్తూ, ఎదుటి నటుని కళ్ళలోకి చూస్తూ మాట్లాడడం వినేవారికి తెలియని శ్రమ. మైకుకు ఒక అడుగు వెనుకకు జరిగితే పాత్ర గదికి అవతలి మూలకు పోయినట్లు. మొగం కొంచెం పక్కకు త్రిప్పితే వీథిలోకి పోయినట్లు. పెదవులు మైకుకు దగ్గరచేసి లోగొంతుకతో పలికితే అది మనసులోని మాట. ఈ విద్య అంతా కాన్రాడ్‌కు కరతలామలకం.

1948 జనవరిలో ‘ఎస్కేప్’ అనే నాటకాల వరుసలో అతడు లైనింజెన్ అనే పాత్ర ధరించినాడు. బ్రెజిల్ అడవులలో తోట వేసుకొన్న ఒక మొండివాడు. కోట్లకొలది చీమలదండు పొలాలను, పశువులను, మనుషులను తినివేస్తూ అతని తోట మీదికి వస్తుంది, కదలి పొమ్మని అధికారి హెచ్చరిస్తాడు, అతడు పోనంటాడు. అరగంట సేపు ఒక గొంతు చీమలతో చేసే యుద్ధం అది. ఆరు సంవత్సరాల తరువాత, 1954 లో, అదే కథను ‘ది నేకెడ్ జంగిల్’ అనే పేరుతో సినిమా తీసినారు. తోట యజమాని వేషం చార్ల్టన్ హెస్టన్‌కు దక్కినది. కాన్రాడ్‌ను కూడా పిలిచినారు, పొమ్మని హెచ్చరించే అధికారి వేషానికి! రానున్నదానికి ఇది సూచన అని అప్పుడు ఎవరికి తట్టినదో తెలియదు.

ఇక అసలు కథ. 1952 ఏప్రిల్ 26 వ తేదీన సి.బి.ఎస్. రేడియోలో ‘గన్‌స్మోక్’ అనే వారపు నాటకం ప్రారంభమైనది. అంతకు ముందు గుర్రపురౌతుల కథలు రేడియోలో లేకపోలేదు. అవి ఎక్కువగా పిల్లల కోసం. నిర్మాత నార్మన్ మెక్‌డనెల్, రచయిత జాన్ మెస్టన్ పెద్దల కోసం అటువంటి కథ చెప్పాలని సంకల్పించినారు. స్థలం కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ. కాలం 1870 ప్రాంతం. పశువుల మందలు తోలుకొని వచ్చేవారు, జూదరులు, పొట్టకూటికి వచ్చినవారు, పారిపోయి వచ్చినవారు చేరిన ఊరు. అక్కడ శాంతిని కాపాడవలసిన ప్రభుత్వాధికారి, మార్షల్ మాట్ డిల్లన్. ఆ పాత్ర కాన్రాడ్‌ది. ఈ గొంతు ఇప్పటికే ప్రతి నాటకంలోను వినపడుతున్నది, శ్రోతలకు మొగం మొత్తుతుందేమోనని కంపెనీవారు మొదట సందేహించినారట. అతని గొంతు విన్నాక నిర్మాత మరి యెవరినీ ఒప్పుకోలేదు.

ఆ నాటకంలో నాకు ఆశ్చర్యం కలిగించేది దాని నిశ్శబ్దం. రేడియోలో నిశ్శబ్దమంటే మాకు ప్రాణభయం. రెండు నిముషాలు కాదు, పది సెకండ్లు ఏమీ వినపడకపోయినా సెట్టు చెడిపోయినదనుకొంటారు. మెక్‌డనెల్ ఆ భయాన్ని పక్కకు పెట్టినాడు. టామ్ హాన్లీ, రే కెంపర్ మొదలైన సౌండ్ ఎఫెక్ట్స్ కళాకారులు కొయ్యపలకల మీద బూట్ల చప్పుడు, తలుపు కీచుమనడం, దూరాన ఒక కుక్క అరుపు, ఇవి మాత్రమే వినిపిస్తారు. డిల్లన్ నడచి వస్తున్నాడు. మాట లేదు. అడుగుల లెక్క శ్రోతకు తెలుస్తూనే ఉంటుంది. ఎదుట ఎవరున్నారో ఇంకా తెలియదు. అటు తరువాత కాన్రాడ్ ఒక్క పేరు పలుకుతాడు, అంతే. ఆ పలుకులో వీరుని దర్పం లేదు. నిన్నరాత్రి నిద్రలేనివాని అలసట ఉన్నది. ఈ మార్షల్ చాలాసార్లు ఆలస్యంగా వస్తాడు. కాపాడదలచినవాడు చనిపోతాడు. గెలిచి కూడా తన ఉద్యోగాన్ని అసహ్యించుకొంటాడు.

ఈ గొంతుకు శ్రోతలు ఎట్టి రూపం కల్పించుకొన్నారు? లోతైన కంఠం వినగానే దానికి తగిన పెద్ద శరీరాన్ని ఊహించడం మనకు అలవాటు. నెమ్మదిగా మాట్లాడేవాని భుజాలు వెడల్పుగా ఉంటాయని ఎందుకో అనుకొంటాము. అమెరికాలో లక్షల ఇళ్ళలో, దీపాలార్పిన గదులలో, మాట్ డిల్లన్ తలుపు దగ్గర వంగి లోపలికి వచ్చే పొడగరి అయిపోయినాడు. ఆ ఎత్తు కాన్రాడ్ గొంతు ఇచ్చినదే.

ఇంతలో టెలివిజన్ వచ్చినది. ‘గన్‌స్మోక్’ను తెరమీదికి తేవాలని సి.బి.ఎస్. నిశ్చయించినది. రేడియో నటులను పరీక్షించినారు గాని అది నామమాత్రమేనని అంటారు. డిల్లన్ పాత్ర జేమ్స్ ఆర్నెస్ అనే నటునికి ఇచ్చినారు. యుద్ధంలో ఇటలీలోని ఆంజియో వద్ద కాలికి గాయపడినవాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. 1955 సెప్టెంబరు 10 వ తేదీన తొలి ప్రదర్శనకు ముందు ప్రఖ్యాత నటుడు జాన్ వేన్ స్వయంగా తెరమీదికి వచ్చి ఆర్నెస్‌ను ప్రేక్షకులకు పరిచయం చేసినాడు. కాన్రాడే కాదు, డాక్టరుగా హొవర్డ్ మెక్‌నియర్, కిట్టీగా జార్జియా ఎల్లిస్, సహాయకుడు చెస్టర్‌గా పార్లీ బేర్, రేడియోలో పాత్రలకు ప్రాణం పోసిన వీరిలో ఒక్కరికీ తెరమీద చోటు దొరకలేదు.

టెలివిజన్‌వారిని దూషించడం సులభం. నేను దూషించలేను. కెమెరా ఉన్నదానిని చూపిస్తుంది. స్థూలకాయుడైన మార్షల్ గుర్రమెక్కడానికి ఆయాసపడితే ప్రేక్షకుడు నవ్వుతాడు. కాని వారు వెదకినది ఎవరిని? గొంతు విని శ్రోతలు ఊహించుకొన్న ఆ మనిషిని. కాన్రాడ్ మూడేళ్ళపాటు మాటలతో ఒక బొమ్మ గీసినాడు. తీరా చూస్తే అతడే ఆ బొమ్మలా లేడు! బొమ్మకు సరిపోయినవానిని తెచ్చి నిలబెట్టినారు. తన పని తాను బాగా చేసినందువల్లనే ఆ పని పోగొట్టుకొన్న నటుడు ఇతడు. ఆర్నెస్ మంచి నటుడే. ఆ పాత్రను అతడు కూడా గౌరవంగా నిలబెట్టినాడు. ఆ సంగతి కాన్రాడ్‌కు ఊరట కలిగించి ఉంటుందని మాత్రం అనుకోలేము.

విచిత్రమేమంటే రేడియో ‘గన్‌స్మోక్’ అప్పుడే ఆగలేదు. ఆరేళ్ళపాటు రెండూ కలిసి నడిచినవి. ఒకే దేశంలో, ఒకే వారంలో, ఇద్దరు మాట్ డిల్లన్‌లు. ఒకడిని చూచేవారు పెరుగుతున్నారు, రెండవవానిని వినేవారు తరుగుతున్నారు. కాన్రాడ్ నిరాశను మైకు ముందుకు తేలేదు. ఆ చివరి సంవత్సరాల నాటకాలు కొన్ని మొదటివాటి కంటె మేలుగా ఉన్నవి. 1961 జూన్ 18 వ తేదీన రేడియోలో ఆ వరుస ముగిసినది. టెలివిజన్‌లో 1975 వరకు, 20 సంవత్సరాలలో 635 కథలు నడిచినవి. వాటిలో రెండింటికి కాన్రాడ్ దర్శకత్వం వహించినాడు. తాను నిలువవలసిన చోట మరొకడు నిలిచి ఉంటే, ఎక్కడ నిలవాలో, ఎటు చూడాలో అతనికి చెప్పే పని!

తరువాత కొంతకాలం కాన్రాడ్ కెమెరా వెనుకనే గడిపినాడు. 1965 లో వార్నర్ బ్రదర్స్ సంస్థకు మూడు చిత్రాలు తీసినాడు. వాటిని గురించి చెప్పుకోదగినది తక్కువ. అతని గొంతు మాత్రం ఊరుకోలేదు. 1959 నుంచి పిల్లల బొమ్మల కథలలో, రాకీ అనే ఉడుతకు, బుల్‌వింకిల్ అనే దుప్పికి జరిగే విపరీతాలను ఊపిరాడనంత వేగంతో వర్ణించినాడు. నవ్వు తెలియని డిల్లన్ ఇతడేనంటే నమ్మడం కష్టం. 1963 నుంచి 1967 వరకు ‘ది ఫ్యుజిటివ్’ అనే టెలివిజన్ నాటకంలో వ్యాఖ్యాత అయినాడు. చేయని హత్యకు శిక్షపడి పారిపోతున్న డాక్టరు కథ అది. డేవిడ్ జాన్సెన్ నాయకుడు. 1967 ఆగస్టు 29 వ తేదీన చివరి భాగాన్ని చూచినంతమంది ప్రేక్షకులు అంతవరకు అమెరికాలో మరి యే నాటక కథాభాగానికీ లేరు. ఆ రాత్రి డాక్టరు పరుగు ముగిసినదని దేశానికి చెప్పినది కాన్రాడ్ కంఠమే. మనిషి కనిపించలేదు.

‘ది ఫ్యుజిటివ్’ నిర్మాత క్విన్ మార్టిన్‌కే ఆ మనిషిని కూడా చూపించవచ్చునని తోచినది. 1971 లో ‘కానన్’ అనే నాటకాల వరుస మొదలైనది. కానన్ పోలీసు ఉద్యోగం వదలి స్వంతంగా నేరపరిశోధన చేసేవాడు, లావుపాటివాడు, మంచి భోజనమంటే ప్రాణం పెట్టేవాడు, దొంగల వెంట పరుగెత్తి రొప్పేవాడు. అప్పటికి కాన్రాడ్‌కు 50 ఏళ్ళు నిండినవి. పదహారేళ్ళ క్రితం ఏ శరీరం అడ్డమైనదో ఆ శరీరం కోసమే ఇప్పుడు పాత్రను సృష్టించినారు. 1976 వరకు అది విజయవంతంగా నడిచినది. 1981 లో రెక్స్ స్టౌట్ నవలలలోని స్థూలకాయుడైన నీరో వుల్ఫ్ వేషం కట్టినాడు. 1987 నుంచి 1992 వరకు ‘జేక్ అండ్ ది ఫాట్‌మన్’. పేరులోనే లావుపాటివాడు వచ్చి కూర్చున్నాడు.

డబ్బు, కీర్తి, వీథిలో గుర్తుపట్టి పలకరించేవారు, అన్నీ ఈ వేషాలవల్లనే వచ్చినవి. నా మాటకు వస్తే, ‘కానన్’ కథలలో చాలా వాటిని చూచిన మరునాడే మరచిపోవచ్చు. డిల్లన్‌ను మరచిపోవడం నాకు సాధ్యం కాలేదు. రేడియోవాడిని గనుక పక్షపాతం ఉండవచ్చు, ఒప్పుకొంటాను.

1994 ఫిబ్రవరి 11 వ తేదీన, 73 వ ఏట, గుండెజబ్బుతో కాన్రాడ్ కన్నుమూసినాడు. 1997 లో అమెరికా జాతీయ రేడియో కీర్తిమందిరంలో అతని పేరు చేర్చినారు.

రేడియో ‘గన్‌స్మోక్’ రికార్డులు చాలావరకు నశించకుండా మిగిలి ఉన్నవి. కోరినవారు నేటికీ వినవచ్చును. ఈ వ్యాసం వ్రాయడానికి కూర్చొనేముందు ఒక రాత్రి వాటిలో ఒకదానిని విన్నాను. కాన్రాడ్ ఫొటోలు నా బల్లమీదనే ఉన్నవి. అతని మీసం, ఆ గుండ్రని మొగం, అన్నీ బాగా ఎరుగుదును. కొయ్యపలకల మీద బూట్ల చప్పుడు వినపడినది. తలుపు కీచుమన్నది. లోపలికి వచ్చినవాడు, గడపకు తల తగలకుండా వంగి మరీ వచ్చినాడు.