హలో ఎవరి పేరూ కాదు

టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ మొదటి ఫోన్ తన ప్రియురాలు మార్గరెట్ హలోకే చేశాడట. ఆమెను పేరు పెట్టి పిలిచాడట. అందుకే ఇవాళ్టికీ ఫోనెత్తగానే అందరం ఆమెనే తలుచుకుంటున్నామట! ఈ కథ వాట్సాప్‌లో తిరిగి తిరిగి చివరికి బడిపిల్లల క్విజ్‌లో జవాబుగా వచ్చి కూర్చుంది. ఇక ఊరుకోవడం తప్పు. ఎందుకంటే ఇందులో నష్టపోతున్నది నిజంగా బతికిన ఒక స్త్రీ.

ఆమె పేరు మేబెల్ హబ్బర్డ్. బెల్ ప్రేమించిందీ, 1877 జులై 11న పెళ్లాడిందీ ఆమెనే. ఐదేళ్లప్పుడు స్కార్లెట్ జ్వరం వచ్చి మేబెల్‌కు చెవులు పూర్తిగా వినపడకుండా పోయాయి. ఎదుటివాళ్ల పెదవుల కదలిక చూసి మాట పోల్చుకునేది. వినపడనివాళ్లకు మాట్లాడటం నేర్పే గురువుగా బెల్ ఆమెకు పరిచయమయ్యాడు. టెలిఫోన్ కంపెనీలో తన వాటాల్లో పది మాత్రం ఉంచుకుని మిగతావన్నీ పెళ్లికానుకగా ఆమెకే రాసిచ్చాడు. అలాంటి మేబెల్‌ను చెరిపేసి, ఆ చోట లేని మార్గరెట్‌ను నిలబెడుతున్నాం. పైగా బెల్ మనసిచ్చిన మనిషికి ఫోన్‌లో మాట వినపడే వీలే లేదు. కథ నిలవదనడానికి ఆ ఒక్క సంగతి చాలు.

మొదటి మాటా హలో కాదు. 1876 మార్చి 10న బోస్టన్‌లో బెల్ తీగమీద పలికింది పక్క గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్ పేరు. ఇలా రమ్మని పిలిచాడు. ఫోనెత్తితే ‘అహోయ్’ అనాలన్నది బెల్ పట్టు. అది నావికుల కేక. హలో వైపు మొగ్గింది ఎడిసన్. 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి రాసిన ఉత్తరంలో, హలో అని కేకేస్తే పది ఇరవై అడుగుల దూరానికీ వినిపిస్తుంది, వేరే గంట అక్కర్లేదు అన్నాడు. మరుసటి ఏడాది న్యూహేవెన్ టెలిఫోన్ పుస్తకం కూడా మాట ‘హల్లోవా’తో మొదలుపెట్టమని చందాదార్లకు చెప్పింది.

అలాగని ఎడిసన్ పుట్టించిన మాటా కాదు. బెల్ పుట్టింది 1847లో. అంతకు ఇరవై ఏళ్లు ముందే, 1826లో, అమెరికాలో ఒక పత్రికలో హలో అచ్చయింది. హల్లో, హొల్లో, హల్లా లాంటి దాని తోబుట్టువులు ఇంకా పాతవి. అవతలి ఒడ్డునున్న పడవవాణ్ణి పిలవడానికో, వేటకుక్కల్ని ఉసిగొల్పడానికో, దేన్నో చూసి ఆశ్చర్యపోవడానికో వేసే కేకలవి. పలకరింపు కాదు. రోడ్డుమీద మనం “హలో బాబూ, బండి తియ్యి!” అని గద్దించేటప్పుడు వినిపించేది ఆ పాత అర్థమే.

‘ఫోన్‌తోపాటే హలో పుట్టింది’ అనేవాళ్లతో మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. మాట ముందే ఉన్నా, ఆ కేకకు మర్యాద నేర్పి పలకరింపుగా ఊరూరా తిప్పింది టెలిఫోనే. ఎక్స్చేంజీల్లో పనిచేసే ఆడపిల్లలకు అమెరికాలో ‘హలో గర్ల్స్’ అనే పేరే పడింది.

హలోలో ‘హెల్’ ఉంది, అంటే నరకం అనే వాదన ఇంకొకటి. టెక్సస్‌లోని క్లెబర్గ్ కౌంటీ 1997లో దీన్ని నమ్మి ‘హెవెన్‌ఓ’ అనాలని తీర్మానమే చేసింది. హల్లో, హొల్లో అని అచ్చులు మారుతూ వచ్చిన కేకలో నరకం ఎక్కడుంది? న్యూస్ అంటే నాలుగు దిక్కుల తొలి అక్షరాలన్నదీ ఇదే బాపతు. అది కొత్త అనే అర్థమున్న ‘న్యూ’ నుంచి వచ్చింది.

ఏ మాటకైనా ఇంత ముచ్చటైన పుట్టుకథ వినిపిస్తే ముందు రెండు తేదీలు అడగండి: ఆ మనిషి ఎప్పుడు పుట్టాడు, ఆ మాట మొదట ఎప్పుడు అచ్చయింది? ఉపాధ్యాయులకు ఒక మనవి. క్విజ్‌లో ఆ పాత ప్రశ్న తీసేసి, ఫోనెత్తి ఏమనాలని బెల్ కోరుకున్నాడో అడగండి. జవాబు చెప్పాక మేబెల్ గురించి కూడా పిల్లలకు చెప్పండి.